పెర్సీ జాక్సన్ చదివే ఇంట్లో కర్ణుడు

గ్రీకు పురాణాల్లోని పన్నెండు మంది ఒలింపియన్ దేవతల పేర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పే పిల్ల, పాండవుల పేర్లు అడిగితే భీముడు, అర్జునుడు అని ఆగిపోతుంది. అమెరికాలో నాష్‌విల్ చుట్టుపక్కల ఏ తెలుగువాళ్ళింటికి పుట్టినరోజుకో వ్రతానికో వెళ్ళినా పెద్దవాళ్ళ మాటల్లో ఈ సంగతి రాకుండా ఉండదు. "మన పురాణాలు చెబుదామంటే కూర్చోరండీ, ఆ గ్రీకు దేవుళ్ళంటే మాత్రం ప్రాణం పెడతారు" అని బాధపడుతుంటారు. ఆ బాధ నాకు తెలుసు. కానీ మా ఇంట్లో జరిగింది వేరు. ఆ గ్రీకు దేవుళ్ళతో నిండిన పెర్సీ జాక్సన్ పుస్తకాలు మా పిల్లల్ని మన కథలకు దూరం చెయ్యలేదు. మన కథల్ని ఏమని అడగాలో వాళ్ళకి నేర్పాయి. అందుకే ఇది రాస్తున్నాను.

ఆ పుస్తకాలు తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. పెర్సీ జాక్సన్ న్యూయార్క్‌లో తల్లి దగ్గర పెరుగుతున్న 12 ఏళ్ళ కుర్రాడు. చదువు ఎక్కదు, కుదురుగా కూర్చోలేడు, ఏ స్కూల్లోనూ ఏడాదికి మించి ఉంచుకోరు. ఒకరోజు తెలుస్తుంది, తన తండ్రి సముద్రాలను ఏలే పొసైడన్ అని. దేవతలకూ మనుషులకూ పుట్టిన ఇలాంటి పిల్లల కోసం లాంగ్ ఐలండ్‌లో ఒక సమ్మర్ క్యాంప్ ఉంటుంది. దేవతలుండే ఒలింపస్ ఇప్పుడు ఎంపైర్ స్టేట్ బిల్డింగ్‌లో 600వ అంతస్తు. పాతాళానికి దారి లాస్ ఏంజెలస్‌లో. మెడూసా న్యూజెర్సీలో రోడ్డు పక్కన తోటబొమ్మల కొట్టు పెట్టుకుని ఉంటుంది. ఆ బొమ్మలన్నీ ఆమె కళ్ళలోకి చూసి రాళ్ళయిపోయినవాళ్ళే. మొదటి పుస్తకం 'ద లైట్నింగ్ థీఫ్' 2005లో, ఐదోది 'ద లాస్ట్ ఒలింపియన్' 2009లో వచ్చాయి. తర్వాత సినిమాలు వచ్చాయి, 2023 డిసెంబరులో డిస్నీ ప్లస్‌లో సిరీస్ మొదలైంది. మా అమ్మాయి చదివి, మా అబ్బాయి కార్లో ఆడియో విని ఈ లోకంలో పడ్డారు.

రాసిన రిక్ రయర్డన్ టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో మిడిల్ స్కూల్ టీచర్‌గా పనిచేసినవాడు. ఆయన కొడుక్కి ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవక, కుదురుగా ఉండలేకపోవడం), డిస్లెక్సియా (అక్షరాలు చదవడం కష్టమవడం) ఉన్నాయని తేలింది. చదువంటే ఇష్టంలేని ఆ పిల్లాడికి గ్రీకు కథలంటే మాత్రం ఇష్టం. రాత్రి పడుకునేముందు తండ్రి రోజూ ఒక కథ చెప్పేవాడు. తెలిసిన కథలన్నీ అయిపోయాక, అలాంటి ఇబ్బందులే ఉన్న ఒక కుర్రాణ్ణి కల్పించి కొత్త కథ మొదలుపెట్టాడు. అయిపోయాక, నాన్నా ఇది పుస్తకంగా రాయి అని కొడుకే అడిగాడు. ఆ కథే పెర్సీ జాక్సన్. అంటే ఇది గ్రీకు పురాణాల మీద మోజుతో పుట్టింది కాదు. నీలో లోపం ఏమీ లేదురా అని ఒక తండ్రి తన బిడ్డకి చెప్పుకోవడానికి పుట్టింది.

మా అబ్బాయికీ డిస్లెక్సియా ఉంది. మన వాళ్ళలో ఈ మాట పైకి అనరు. పరీక్ష చేయించామని తెలిస్తే "ఇండియాలో మీ వాళ్ళకి చెప్పకండి, రేపు పెళ్ళి సంబంధాలప్పుడు ఇబ్బంది" అని సలహా ఇచ్చినవాళ్ళున్నారు. వాడికి అప్పుడు ఎనిమిదేళ్ళు. పుస్తకంలో పెర్సీకి ఎదురయ్యే సంగతి ఇలా ఉంటుంది: అక్షరాలు కాగితం మీద నిలవకుండా తేలిపోవడానికి కారణం నీ మెదడు ప్రాచీన గ్రీకు చదవడానికి తయారైంది, కుదురుగా కూర్చోలేకపోవడానికి కారణం నీ ఒళ్ళు యుద్ధానికి తయారైంది అని అతనికి చెబుతారు. ఆ చోటికి వచ్చినప్పుడు మా వాడు వెనక సీట్లోంచి "అమ్మా, మళ్ళీ పెట్టు" అన్నాడు. మళ్ళీ పెట్టాను. ఇంటికి వచ్చేదాకా ఏమీ మాట్లాడలేదు. రాత్రి అన్నం తింటూ "నా బ్రెయిన్ తెలుగు కోసమేమో అమ్మా, ఇంగ్లీషు కోసం కాదేమో" అన్నాడు.

మర్నాడు వాడే తెలుగు వాచకం తెచ్చుకుని కూర్చున్నాడు. అక్షరం కింద వేలు పెట్టి మెల్లగా జరుపుతాడు. అ, ఆ బాగానే నడిచాయి. వ, ప, ష, మ, య దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగిపోయింది. ఒక చిన్న గీత, ఒక కొమ్ము, లోపల ఒక ముడి, వీటి మీదే ఆధారపడిన అక్షరాలవి. పెదవి కొరుక్కుంటూ చూస్తూ ఉండిపోయాడు. తెలుగు కూడా వాడికి కష్టమే అయింది. డిస్లెక్సియా వరం అని నేను వాడికి ఎప్పుడూ చెప్పలేదు, చెప్పను కూడా. ఒక్కో శబ్దాన్నీ విడదీసి, దానికి అక్షరాన్ని జతచేసి, ఓపిగ్గా చెప్పే టీచర్ వల్లనే వాడు చదవడం నేర్చుకుంటున్నాడు. కథ ఆ పని చెయ్యలేదు. కానీ ఆ ఏడాది క్లాసులో లేచి నిలబడి "నాకు డిస్లెక్సియా ఉంది, పెర్సీ లాగా" అని చెప్పాడని టీచర్ నాకు మెయిల్ రాసింది. ఎనిమిదేళ్ళ పిల్లాడికి ఆ ధైర్యం ఇవ్వడం ఏ కౌన్సెలింగ్ వల్లా అయ్యేది కాదు.

కత్తులూ రాక్షసులూ పక్కన పెడితే ఈ పుస్తకాల గుండెకాయ ఇంకోటి. క్యాంప్‌లో ఒక్కో దేవుడి పిల్లలకి ఒక్కో క్యాబిన్. కానీ క్యాంప్‌కి వచ్చిన పిల్లల్లో చాలామందికి తాము ఎవరి పిల్లలో తెలియదు. తండ్రో తల్లో తమ బిడ్డేనని ఒప్పుకుంటే (పుస్తకంలో దీన్నే 'క్లెయిమ్' చెయ్యడం అంటారు) ఆ దేవుడి గుర్తు పిల్లాడి తల మీద వెలుగుతుంది. పెర్సీకి త్రిశూలం వెలిగింది. ఒప్పుకోనంతవరకూ ఆ పిల్లలందరూ హెర్మీస్ క్యాబిన్‌లో నేల మీద పడుకోవాల్సిందే. హెర్మీస్ ప్రయాణికుల దేవుడు కాబట్టి ఆ క్యాబిన్ ఎవరినీ కాదనదు. కొందరు ఏళ్ళ తరబడి అక్కడే ఎదురుచూస్తారు. దేవతలకి ప్రేమ లేక కాదు. పిల్లల విషయంలో నేరుగా కల్పించుకోకూడదని పాత కట్టుబాట్లున్నాయంటారు, తీరిక లేదంటారు. హెర్మీస్ కొడుకు ల్యూక్ ఆ ఎదురుచూపులోనే విరిగిపోయి, దేవతల పగవాడైన క్రోనస్ వైపు వెళ్ళిపోతాడు. మా అమ్మాయికి ఐదు పుస్తకాల్లోనూ ఎక్కువ ఇష్టమైనవాడు ల్యూక్. ద్రోహం చేశాడు కదే అంటే "వాళ్ళ నాన్న ఒక్కసారి వచ్చి కూర్చుంటే చాలు కదమ్మా" అంటుంది.

పెర్సీ తల్లి శాలీ గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు గానీ, నా దృష్టిలో ఈ కథకి అసలు బలం ఆమె. మిఠాయి కొట్లో పనిచేస్తూ, దుర్మార్గుడైన రెండో భర్తని భరిస్తూ కొడుకుని కాపాడుకుంటుంది. నీలం రంగు తిండి అనేది ఉండదని ఆ భర్త అంటే, అప్పటినుంచి కేకులూ కుకీలూ నీలంగానే చేస్తుంది. గ్రీకు వీరుల్లో చివరికి సుఖపడినవాళ్ళు అతి తక్కువమంది, వాళ్ళలో పెర్సియస్ ఒకడు కాబట్టి కొడుక్కి ఆ పేరు పెట్టుకుంది. ఆ అసలు పెర్సియస్ కథ ఏమిటి? మనవడి చేతిలో చస్తావని జోస్యం వింటాడు అక్రీసియస్ అనే రాజు. కూతురు డానాయీని బంధిస్తాడు. అయినా పిల్లాడు పుడతాడు. తల్లినీ బిడ్డనీ పెట్టెలో పెట్టి సముద్రంలోకి తోయిస్తాడు. ఒక జాలరి వాళ్ళని ఒడ్డుకి చేరుస్తాడు. ఇది చెబుతుంటే నాకు కంసుడూ గుర్తొచ్చాడు, నీళ్ళ మీద వదిలేసిన పెట్టె కూడా గుర్తొచ్చింది. ఆ రాత్రే పిల్లలకి కర్ణుడి కథ మొదలుపెట్టాను.

పెళ్ళికాని కుంతి, మైనం పూసిన పెట్టె, అశ్వనది. ఆ పెట్టె చర్మణ్వతిలోకి, యమునలోకి, గంగలోకి తేలుతూ చంపాపురి చేరడం. అధిరథుడూ రాధా దాన్ని తెరవడం. అప్పటిదాకా ఊపిరి బిగపట్టి విన్న మా అబ్బాయి అడిగిన మొదటి ప్రశ్న ఇది: "సూర్యుడు రోజూ కనిపిస్తాడు కదమ్మా. కర్ణుడు రోజూ చూసేవాడు కదా. ఒక్కసారైనా మాట్లాడలేదా?"

నా చిన్నప్పటినుంచీ కర్ణుడి కథ ఎన్నోసార్లు విన్నాను. ఈ ప్రశ్న నాకు తట్టలేదు. పెర్సీ ద్వారా వచ్చిన పిల్లాడికి తట్టింది. పొసైడన్ కనిపించడు కాబట్టి పెర్సీకి తెలియదు. కర్ణుడి తండ్రి రోజూ నెత్తిమీదే ఉన్నాడు.

మాట్లాడాడు. అరణ్యపర్వం చివర, తెలుగులో అయితే ఎర్రన రాసిన భాగంలో వస్తుంది. కర్ణుడి కలలోకి సూర్యుడు బ్రాహ్మణ వేషంలో వస్తాడు. ఇంద్రుడు వచ్చి కవచకుండలాలు అడుగుతాడు, ఇవ్వకు, అవి పోతే నీ ప్రాణం పోతుంది అని హెచ్చరిస్తాడు. ఎందుకు చెబుతున్నావంటే, ఇందులో దేవరహస్యం ఒకటుంది, కాలం వచ్చినప్పుడు నీకే తెలుస్తుంది అంటాడు. నువ్వు నా కొడుకువి అన్న ఒక్క మాట మాత్రం అనడు. "చెప్పకుండానే వెళ్ళిపోయాడా?" అని మా వాడు దిండు మీద నుంచి లేచి కూర్చున్నాడు. రయర్డన్ దేవతలు చెప్పే పాత కట్టుబాట్లకీ వ్యాసుడి దేవరహస్యానికీ పెద్ద తేడా ఏముంది? వాడి కోపంలో న్యాయం ఉంది. నేను సూర్యుణ్ణి వెనకేసుకు రాలేదు.

తర్వాత ఉద్యోగపర్వం. సంధి కుదరక వెనక్కి వెళ్తూ కృష్ణుడు కర్ణుణ్ణి రథమెక్కించుకుని నిజం చెబుతాడు. నువ్వే పాండవుల్లో పెద్దవాడివి, రా, రాజ్యం నీది అంటాడు. కర్ణుడు రానంటాడు. పైగా ఈ సంగతి ధర్మరాజుకి తెలియనివ్వకు, తెలిస్తే రాజ్యం నా చేతిలో పెడతాడు, నేను దాన్ని దుర్యోధనుడికి ఇవ్వాల్సి వస్తుంది అని కోరతాడు. ఆ తర్వాత కుంతి వస్తుంది. నీకెప్పుడూ ఐదుగురు కొడుకులే ఉంటారమ్మా అని ఆమెని పంపేస్తాడు.

ఇక్కడ మా ఇంట్లో పెద్ద గొడవే అయింది. 'ద లాస్ట్ ఒలింపియన్' చివర దేవతలు పెర్సీని అమరుణ్ణి చేస్తామంటారు. పెర్సీ వద్దంటాడు. దానికి బదులు, మీ పిల్లలందరినీ 13 ఏళ్ళు వచ్చేలోపు మీ పిల్లలేనని ఒప్పుకుంటామని పాతాళంలోని స్టిక్స్ నది మీద ఒట్టు వెయ్యండి అని అడుగుతాడు. మా అమ్మాయి ఇది పట్టుకుంది. "పెర్సీ అందరి కోసం అడిగాడు. కర్ణుడు తన కోసం కూడా అడగలేదు. ఎందుకు అడగడు? వాళ్ళమ్మ ఎదురుగా నిలబడి ఉంటే సభలో చెప్పు అనొచ్చు కదా" అని దాని వాదన. మా అబ్బాయిది ఇంకోటి. "అడిగితే దుర్యోధనుణ్ణి వదిలెయ్యాలి. ఎవ్వరూ నా వాడు అననప్పుడు దుర్యోధనుడే అన్నాడు. ల్యూక్ కూడా అందుకే వెళ్ళాడు." అంగరాజ్యం ఇచ్చిన రోజు గురించి వాడంటున్నది. అస్త్రవిద్యల ప్రదర్శనలో నీ కులమేమిటని కృపుడు అడిగితే కర్ణుడు తలదించుకున్న రోజు అది. ఆ రోజే మేడ మీద కుంతి స్పృహ తప్పింది గానీ నోరు విప్పలేదు. నేను తీర్పు చెప్పలేదు. ఇద్దరివీ బరువైన మాటలు. ఆ వాదన ఇప్పటికీ తేలలేదు.

యుద్ధం అయిపోయాక స్త్రీపర్వంలో, గంగ ఒడ్డున చనిపోయినవాళ్ళకి తర్పణాలు వదులుతుంటే కుంతి అప్పుడు చెబుతుంది, కర్ణుడు మీ అన్న, అతనికీ నీళ్ళు వదలండి అని. ఒప్పుకోవడం అప్పటికి జరిగింది. ఇది చెప్పేటప్పుడు నా గొంతు పూడుకుపోయింది. మా అమ్మాయి లేచి లైటు వేసింది.

దీని తర్వాత ఘటోత్కచుడి కథ చెప్పకపోతే కర్ణుడి కథ సగమే చెప్పినట్టు. తల్లి రాక్షసి, తండ్రి భీముడు. తల్లి దగ్గర అడవిలోనే పెరిగాడు, తలచుకుంటే వస్తానన్నాడు, తలచుకున్నప్పుడల్లా వచ్చాడు. కవచకుండలాలకి బదులుగా ఇంద్రుడిచ్చిన శక్తి అనే ఆయుధాన్ని కర్ణుడు అర్జునుడి కోసం దాచుకున్నాడు. ద్రోణపర్వంలో రాత్రి యుద్ధంలో వేరే దారిలేక ఘటోత్కచుడి మీద వాడాల్సి వచ్చింది. కర్ణుడు ఘటోత్కచుడికి వరసకి పెదనాన్న. ఎవరూ ఒప్పుకోని కొడుకు, పిలిస్తే పరుగున వచ్చే కొడుకుని చంపాడు. ఆయన తన పెదనాన్న అని ఘటోత్కచుడికి తెలియదు. ఇంత చిక్కటి కథ మన దగ్గర ఉంది. పెద్దల మాట వినాలి, అబద్ధం ఆడకూడదు అనే నీతి పాఠాలుగా కుదించి వారాంతపు క్లాసుల్లో చెబుతున్నాం. పిల్లలు వినడం లేదంటే తప్పు గ్రీకు దేవుళ్ళది కాదు. గాయం ఉన్నచోట గాయాన్ని అలాగే ఉంచి చెప్పాలని నేను గట్టిగా నమ్ముతాను.

అయితే గ్రీకు దేవుళ్ళకీ మన దేవుళ్ళకీ ఒక తేడా ఉంది, అది చిన్నది కాదు. మా ఊళ్ళో సెంటెనియల్ పార్క్‌లో పార్థినాన్ ఉంది. ఏథెన్స్‌లో ఉన్న గుడికి పూర్తి పరిమాణంలో నకలు. 1897లో టెనెసీ శతాబ్ది ప్రదర్శన కోసం కట్టి, తర్వాత 1920ల్లో కాంక్రీటుతో మళ్ళీ కట్టారు. లోపల జ్ఞానదేవత ఎథీనా విగ్రహం 42 అడుగులు. శిల్పి అలన్ లెక్వైర్ 1990లో పూర్తిచేశాడు, 2002లో బంగారు పూత వేశారు. అరచేతిలో నిలబడిన విజయదేవతే మనిషంత ఉంటుంది, డాలు వెనక పెద్ద పాము చుట్టుకుని ఉంటుంది. పెర్సీ స్నేహితురాలు ఆనబెత్ ఎథీనా కూతురు కాబట్టి మా అమ్మాయికి అది పుట్టింటి లాంటిది. మా అబ్బాయి తల వెనక్కి వాల్చి చాలాసేపు చూసి "ఈవిడకి పూజ ఎవరు చేస్తారు?" అన్నాడు. ఇక్కడ ఎవరూ చెయ్యరు, ఇది మ్యూజియం అన్నాను. "మరి ఆవిడకి ఆకలెయ్యదా?" అన్నాడు. ఇదే ఊళ్ళో మన గణేశ గుడి ఉంది. అక్కడ వాడికి అభిషేకం పాలు తెలుసు, హారతి వేడి తెలుసు, చేతిలో పెట్టే పులిహోర తెలుసు.

అందుకే రయర్డన్ ద్రాక్షసారా దేవుడైన డయోనిసస్‌కి పులిచారల హవాయి చొక్కా తొడిగి, చేతిలో డైట్ కోక్ పెట్టి క్యాంప్ డైరెక్టర్ని చేసినా ఎవరి మనసూ నొచ్చుకోదు. మన దేవుళ్ళతో అలా ఆడుకోగలమా అని నన్ను నేనే అడిగాను. ఆడుకోగలమనే అనుకుంటున్నాను, లోపలివాళ్ళం కాబట్టి. భద్రాచలం గుడి కట్టించి గోల్కొండ చెరసాలలో పడ్డ రామదాసు, నగలకి పెట్టిన ఖర్చు లెక్కలు చెప్పి మరీ రాముణ్ణి నిలదీశాడు. ఆ నిలదీసిన కీర్తనల్నే మనం భక్తిగా పాడుకుంటున్నాం. దేవుణ్ణి అడిగితే పాపం అని పిల్లల నోరు మూయించే ఆచారం మనది కాదు.

ఇలాంటి చనువుతోనే రోషనీ చోక్షి 2018లో 'ఆరు షా అండ్ ద ఎండ్ ఆఫ్ టైమ్' రాసింది. తన పేరు మీద నడిచే ప్రచురణలో వేరే సంస్కృతుల పురాణాలకు ఆ సంస్కృతుల రచయితల చేతే నవలలు రాయించాలని రయర్డన్ పూనుకుంటే, అందులో మొదటగా వచ్చిన పుస్తకం ఇది. అట్లాంటాలో ఒక మ్యూజియంలో ఉండే ఏడో క్లాసు పిల్ల ఆరు అర్జునుడి అంశ. భయస్తురాలైన మినీ ధర్మరాజు అంశ. వాళ్ళకి దారి చూపే పావురం శాపం తగిలిన శకుని. మా అమ్మాయి వీడియో కాల్‌లో ఇదంతా చెబుతుంటే "అర్జునుడు ఆడపిల్లేమిటే?" అని మా అమ్మ నవ్వింది. ఒక్క క్షణం ఆగి "అయినా విరాటపర్వంలో బృహన్నల కాలేదా, అదేం కొత్త కాదులే" అంది. మా అమ్మాయికి బృహన్నల ఎవరో తెలియదు. ఆ ఫోను గంటకి పైగా సాగింది.

మా నాన్నది ఇంకో సంగతి. రెండో పుస్తకంలో ఒంటికన్ను పాలీఫీమస్ గుహ వస్తుంది. పిల్లలు చెబుతుంటే ఆయన మధ్యలో అందుకుని, ఆ రాక్షసుడి కన్ను పొడిచి గొర్రెల పొట్టల కింద వేలాడుతూ తప్పించుకుంటారు కదూ అన్నారు. పిల్లలకి నోట మాట లేదు. తాతయ్య ఇంగ్లీషు నవలలు చదవరు. ఆయన చదివింది చందమామ. 1947లో మొదలైన ఆ పత్రికలో ఒడిస్సీ కథ 'రూపధరుడి యాత్రలు'గా, ట్రాయ్ యుద్ధం 'భువనసుందరి'గా సీరియళ్ళు వచ్చాయి. మనుషుల పేర్లన్నీ తెలుగు పేర్లే. నరసరావుపేటలో అరుగు మీద కూర్చుని ఆ సంచికలు చదివిన పిల్లాడికి అవి పరాయి కథలనిపించలేదు. మన పెద్దలు గ్రీకు కథల్ని చూసి భయపడలేదు, ఇంట్లోకి పిలిచి మన పేర్లు పెట్టుకున్నారు. గ్రోవర్ అనే మేకకాళ్ళ కుర్రాడు ఆ గుహలో పెళ్ళికూతురి వేషంలో రాక్షసుణ్ణి మోసం చేస్తున్నాడని పిల్లలు చెప్పగానే నాన్న పగలబడి నవ్వి, మాయాబజార్ పెట్టి చూడండర్రా అన్నారు. 1957 నాటి నలుపు తెలుపు సినిమా. మాయా శశిరేఖ పెళ్ళిపీటల మీద చేసే అల్లరికి మా ఇద్దరూ సోఫా మీద నుంచి కింద పడి నవ్వారు. ద్రోణపర్వంలో చనిపోయేది ఈ ఘటోత్కచుడేనా అని ఆ తర్వాత మా వాడు అడిగాడు. అవునన్నాను.

నాన్న ఊరుకోలేదు. మన పల్నాడు సంగతేమిటి అన్నారు. మాది ఆ ప్రాంతమే. 12వ శతాబ్దంలో అన్నదమ్ముల పోరు, కోడిపందెం, ఓడినవాళ్ళకి దేశాంతరవాసం, చివరికి కారంపూడిలో యుద్ధం. శ్రీనాథుడు ద్విపదలో చెప్పిన బాలచంద్రుడు నిజంగా కుర్రవాడే. కార్తీక అమావాస్యకి కారంపూడి వీరుల గుడిలో ఇప్పటికీ ఆ వీరుల ఆయుధాలకి పూజ చేస్తారు. కానీ మా పిల్లలు పట్టుకున్నది బాలచంద్రుణ్ణి కాదు, కన్నమదాసుని. కులాలన్నిటినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుడు, దళితుడైన కన్నమదాసుని అందరి ముందూ కొడుకన్నాడు, సేనాపతిని చేశాడు. "అంటే ఈ నాన్న క్లెయిమ్ చేశాడన్న మాట" అన్నాడు మా అబ్బాయి. సూర్యుడు చెయ్యనిది, పొసైడన్ పన్నెండేళ్ళ తర్వాత గానీ చెయ్యనిది, రక్తసంబంధం లేని మనిషి చేశాడు. మా వాడికి అది అన్నిటికన్నా పెద్ద సాహసంగా కనిపించింది. నాకూ అంతే.

ఈ కథని పిల్లల సాహస నవలగా ఎవరైనా రాయాలి. నాగులేరు ఉండాలి, కోడిపుంజులు ఉండాలి, మాచర్ల చెన్నకేశవుడు ఉండాలి. అలాంటి పుస్తకం మాకు దొరకలేదు. మా అమ్మాయి మొదటి చాప్టర్ తనే ఇంగ్లీషులో మొదలుపెట్టింది. అందులో నాయకురాలు నాగమ్మని విలన్‌గా రాసింది. ఆవిడ విలన్ కాదే, ఆ రోజుల్లో రాజ్యం నడిపిన మంత్రి అని తాతయ్య ఒప్పుకోవడం లేదు. ప్రస్తుతానికి శనివారం ఫోన్లన్నీ ఆ వాదనతోనే నడుస్తున్నాయి.